రామచంద్రపురమున నాగిన బండి

కాకినాడనుండి కోటిపల్లికి బోవు మార్గము గోదావరిసీమవారికి క్రొత్తది గాదు. కరప, వేళంగి, రామచంద్రపురము, ద్రాక్షారామము అను పేరులు వరుసగా వినినంతనే వరిచేలును, కొబ్బరితోపులును, కాలువగట్లును కన్నులయెదుట నిలుచును. భీమేశ్వరుని దర్శించి, గౌతమిలో స్నానమాడి, సోమేశ్వరునకు మ్రొక్కి వచ్చినవారు మన సోదరీమణులలో ననేకులు గలరు. కావున నేను వ్రాయబూనినది క్షేత్రమాహాత్మ్యము గాదు. మొన్న మార్గశిరమాసమున ఆ త్రోవను బోవుచు, రామచంద్రపురములో నొక యింటి వాకిట మేము గడపిన నాలుగుగంటల కాలమును గూర్చి వ్రాయుచున్నాను. బండ్ల మరమ్మతు ముచ్చట స్త్రీల కేల యని యెవరైన ననవచ్చును. ఆగిన బండిలో పిల్లల నొడిలో నుంచుకొని యెదురుచూచుచు గూర్చుండునది తఱచుగా మనమే గదా! మనకును గొంత తెలిసియుండుట మేలని నా యభిప్రాయము.

మా మామగారు గతించి సంవత్సరమయ్యెను. ప్రథమాబ్దికము కోటిపల్లిరేవున జరుపవలెనని మా యత్తగారి సంకల్పము. తమ యత్తమామలకును మొదటి యాబ్దికము అచ్చటనే జరిపించిరట. తిథి నిర్ణయమైనది. పురోహితులవారు భోక్తలను గుదిర్చి, “అపరాహ్ణమునకు ముందే స్నానములు కావలెను. పండ్రెండు గంటలలోపల రేవు చేరుడు” అని ఫోనులో హెచ్చరించియుండిరి.

మేము పోదలచిన బండి మామగారి అంబాసిడరు. డీజిలు ఇంజను గలది. ఆ జాతి కార్లు 1957–58 ప్రాంతమున కలకత్తా సమీపమునందలి ఉత్తరపారాలో తయారగుట మొదలై 2014లో నిలిచిపోయినవి. ఇంగ్లండువారి మారిస్ ఆక్స్‌ఫర్డు బండి దానికి మూలము. ఒకప్పుడు మన జిల్లాలో పెండ్లివారికిని, ఆసుపత్రికి బోవువారికిని, అధికారులకును గూడ అదియే బండి. వెనుకసీటున నలుగురు పెద్దలును వారి యొడిలో నిద్దఱు పిల్లలును పట్టుట నేను చూచితిని. మామగారు దానిని క్రొత్తగా కొని యిరువదినాలుగేండ్లు నడపిరి. నాకు స్టీరింగు పట్టుట నేర్పినదియు దానిమీదనే. వారు పోయినపిదప ఎనిమిది నెలలు అది షెడ్డులో కదలక యుండెను. పిమ్మట నొకనాడు బయటికి దీయగా నీరు మరిగి, ఆవిరి చిమ్మి, నడివీథిలో నాగెను. కాకినాడలో నొక మరమ్మతు దుకాణమువారు చూచి, హెడ్డు గ్యాస్కెట్టు కాలినదని చెప్పి, హెడ్డు విప్పి క్రొత్తది వేసిరి. ఆ దుకాణము పేరు నేను చెప్పను. తక్కిన పనియంతయు వారు చక్కగనే చేసిరి.

ఇచట నొకమాట చెప్పవలెను. సొంతబండికి 15 ఏండ్లు నిండినపిదప ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను తిరుగ వ్రాయించుకొనవలెను. బండిని అధికారియెదుట నిలిపి, నడచుటకు యోగ్యమే యనిపించుకొనవలెను. మా బండికి ఆ గడువు ఆ నెలాఖరుతో తీరుచుండెను. మావారు మరమ్మతు సొమ్ము చెల్లించునాడే, “దీనిమీద ఖర్చు పెట్టుట కిదియే కడపటిసారి. ఇంకను మొండికెత్తెనా, పాతయినుము కొనువాని కప్పగించెదను” అని ఖండితముగ జెప్పిరి. పాతయినుమువాని నంబరును ఫోనులో వ్రాసి యుంచుకొనిరి గూడ. మా యత్తగారు దానికి అవుననలేదు, కాదనలేదు. ఆబ్దికమునకు మాత్రము ఆ బండిలోనే పోవుదమనిరి.

ముందునాటి సాయంకాలము బండిని దుకాణమునుండి తీసికొని, రామచంద్రపురములో మావారి అక్కగారింట రాత్రి నిలుచుటకు బయలుదేరితిమి. బండి తేనెటీగవలె పాడుచు పోయినది. మార్గశిరము డెల్టాలో కోతల కాలము. చేలలో కోతయంత్రములు దీపములు వెలిగించుకొని తిరుగుచుండెను. రోడ్డున సగము మేర ధాన్యము ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి యుంచిరి. కోతకోసిన చేని వాసన, తడిసిన గడ్డివాసన, కాలువనీటి వాసన కలిసి కారులోనికి వచ్చుచుండెను. ఈ సీమ యెల్లప్పుడు నిట్లు పచ్చగా నుండినది గాదు. ఒకయేడు వరద, ఒకయేడు కఱవు. కాటనుదొర 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్టయు, దానినుండి తీసిన కాలువలును దీని రూపు మార్చినవి. ఎటు చూచినను నేల పళ్లెమువలె సమముగా నుండును. మిట్ట యన్నచో కాలువమీది వంతెనయే. ఈ సమత్వము నేత్రానందకరమే గాని, మఱునాటి యుదయమున మా కది పెద్ద చిక్కు తెచ్చిపెట్టినది.

రామచంద్రపురమును గూర్చి నాలుగు మాటలు. జమీందారుల నాటి కోట యుండుటచే దీనికి రాజఠీవి కొంత యబ్బినది. బజారులో మాత్రము ఎరువులబస్తాలు, మోటారు పంపులు, ట్రాక్టరు సామానులు కానవచ్చును. తూర్పుగోదావరి జిల్లాలోనిదైన యీ పట్టణమును 2022లో క్రొత్తగా నేర్పడిన కోనసీమ జిల్లాలో జేర్చిరి. వదినగారింటిలో పెద్దవారు మాత్రము తూర్పుగోదావరి యనియే యందురు. కాకినాడ–కోటిపల్లి రైలుమార్గము ఈ యూరిమీదుగనే పోవును. ఆ మార్గము కథ విచిత్రమైనది. సుమారు 45 కిలోమీటర్ల యీ శాఖ 1928లో వెలసినది. రెండవ ప్రపంచయుద్ధమువచ్చినపుడు, 1940లో, పట్టాలను పెఱికి యుద్ధావసరములకు దరలించిరి. తిరిగి పట్టాలు పఱచి బండి నడపినది 2004లో. అఱువదినాలుగేండ్లు! “మా అత్తగారు కాపురానికి రైల్లో వచ్చారు, నేను ఎడ్లబండిమీద వచ్చాను” అని పొరుగింటి ముసలమ్మగారు నవ్వుచు జెప్పిరి. ముందుతరమునకు గల సౌకర్యము వెనుకతరమునకు లేకపోవుట వింత గదా!

మఱునాటి యుదయము ఆఱున్నరకు స్నానములు ముగించి, దర్భలు, నువ్వులు, వంటసామగ్రి సర్దుకొని సిద్ధమైతిమి. మావారు తాళము త్రిప్పి, హీటరు ప్లగ్గులు కాగువఱకు నిలిపి, సెల్ఫు కొట్టిరి. ముసలివాడు మెట్లెక్కినట్లు ఇంజను రెండుమూడు మార్లు మూలిగి యూరకుండెను. మఱల కొట్టిరి. ఈసారి మూలుగు గూడ లేదు. టక్కుమని శబ్దము మాత్రము వినవచ్చెను.

బ్యాటరీ పోయినదని అందఱు ననిరి. అది మూడు నెలలనాడు కొన్నది. ముందు దీపములు వెలిగించి చూడగా తెల్లగా వెలిగినవి. సెల్ఫు కొట్టినంతనే చీకటిపడినట్లు మందగించినవి. నాకు మామగారి మాట జ్ఞప్తికి వచ్చెను. బండి ఆగినప్పుడు కన్నుకంటె ముందు చేతితో చూడవలెనని వారనుచుండెడివారు. బ్యాటరీనుండి పోవు తీగలను చివరలయందు తాకి చూచితిని. ఎర్తుతీగ ఇంజనునకు తగిలించినచోట చుఱుక్కుమని కాలెను. వెడల్పైన కాలువలో నీరు నెమ్మదిగా బాఱును. ఇఱుకు తూములో ఒరసికొని పోవును. విద్యుత్తును నంతే. ఇఱుకైన చోట వేడి పుట్టును. హెడ్డు విప్పునపుడు ఆ తీగ తీసి, తిరిగి తుప్పుమీదనే బిగించిరి. అదియును సగమే బిగిసియుండెను. తీగ విప్పి, చాకుతో తుప్పు గీకి, గట్టిగా బిగించితిమి. అంతట సెల్ఫు గిఱ్ఱున దిరిగెను. వదినగారు లోపలినుండి “బయలుదేరినట్లేనా?” అని కేకవేసిరి.

బయలుదేరలేదు. ఇంజను తిరుగుచున్నదే గాని అందుకొనుట లేదు.

అప్పటికి ఏడుంబావు. వీథిలోని వారందఱును జేరిరి. మన యూళ్లలో బండి ఆగెనన్న సలహాకు కొఱత యుండదు. ఒకరు హీటరు కాలినదనిరి. ఒకరు మంచుకు గడ్డకట్టినదనిరి. గోదావరి గట్టున డీజిలు గడ్డకట్టుట నేను వినలేదు. ఒక కుఱ్ఱవాడు గాలి పోవు గొట్టములో ఈథరు చిమ్మెదనని సీసా దెచ్చెను. హీటరు ప్లగ్గులు గల ఇంజనులో అది ప్రేలి పిస్టను విఱుగవచ్చునని మామగారు చెప్పగా వినియుంటిని గనుక వలదంటిని. తక్కినవారందఱు త్రోయవలసినదే ననిరి. ఎనమండ్రు కుఱ్ఱవాండ్రు పూనుకొని త్రోసిరి. దొర్లిపోవుటకు పల్లమన్నది లేదు. వీథిచివరవఱకు త్రోసి, మఱల వెనుకకు ద్రోసి, చెమటలు గార్చుచు నిలువబడిరి. వారి శ్రమకు నేను మిక్కిలి నొచ్చుకొంటిని. త్రోయుటవలన జరుగునది సెల్ఫు చేయు పనియే గదా! మా సెల్ఫు బాగుగనే త్రిప్పుచున్నది.

డీజిలు ఇంజను గుట్టు చాలమందికి దెలియదు. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించి మండించెదరు. దీనిలో నిప్పురవ్వ లేదు. లోనికి బీల్చిన గాలిని ఇంచుమించు 20వ వంతు చోటులోనికి అదిమినచో, ఆ యొత్తిడికే గాలి నిప్పువలె కాగును. ఆ కాగిన గాలిలోనికి డీజిలును సన్నని తుంపరగా నాజిల్ చిమ్మగా అది తనంత మండును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1890 తర్వాత దీనిని కనిపెట్టి, 1897లో నడపి చూపెను. ఆయన పేరే నేడు నూనెకు వచ్చినది. కావున ఇట్టి ఇంజను అందుకొనకున్నచో ప్రశ్నలు రెండే: గాలి కాగుచున్నదా? డీజిలు చేరుచున్నదా?

రెండవదాని కుత్తరము వెనుకవైపున దొరకెను. డీజిలు చేరి మండకున్నచో పొగగొట్టమునుండి తెల్లని పొగ రావలెను. మావారిని సెల్ఫు కొట్టుమని, నేను వెనుక నిలిచి చూచితిని. పొగ లేదు. వాసన గూడ లేదు. టాంకులో డీజిలు సగమునకు బైగా నున్నది. అది ఇంజను చేరుటలేదు.

అప్పుడు నా సంచిలోనుండి దుకాణమువారి బిల్లు దీసి చదివితిని. నిన్నటివఱకు పాడిన బండి నేడు మూగవోయెనన్నచో, ముందుగా విచారింపవలసినది దానిపై కడపట చేయిపడిన చోట్లను గదా! హెడ్డు, గ్యాస్కెట్టు, నాజిళ్లు శుభ్రపఱచుట, ఎర్తుతీగ, ఇంతవఱకు ఎఱిగినదే. దాని క్రింద సన్నని యక్షరములతో “ఫిల్టరు మార్పు, డీజిలు పంపు విప్పి కడుగుట” అని యుండెను. ఎనిమిది నెలలు నిలిచిన బండి గనుక ఆ పనియు చేసియుందురు. మంచిదే.

ఇంతలో వెనుకసీటునందు కదలక కూర్చున్న మా యత్తగారు తలుపు తెఱచి, “గాలి తీశారటర్రా?” అని యడిగిరి.

“టైర్లలో గాలి బాగానే ఉందండి మామ్మగారూ” అని యొక కుఱ్ఱవాడు చక్రమును తన్ని చూపెను. అందఱు నవ్విరి.

అత్తగారు నవ్వలేదు. “టైరు కాదు నాయనా. చేలో ఆయిలింజను టాంకు ఎండిపోయి మళ్లీ డీజిలు పోస్తే అది లేచేది కాదు. మీ మామగారు పక్కనున్న సీల వదులు చేసేవారమ్మాయీ. బుసబుసమని బుడగలు వచ్చేవి. బుడగలు తగ్గి నికార్సుగా డీజిలు కారేవఱకూ చూసి బిగించేవారు. నేను దీపం పట్టుకునేదాన్ని” అనిరి.

ఆయిలింజనైనను కారైనను డీజిలు త్రోవ యొక్కటే. గొట్టములో గాలి చేరినచో పంపు ఎంత త్రోసినను ఆ గాలి దూదివలె అణగునే గాని, నాజిల్ తెఱచుకొనుటకు వలయు నొత్తిడి పుట్టదు. ద్రవము అణగదు, గాలి అణగును. గుట్టంతయు నదియే. అత్తగారు సూత్రము నెఱుగకపోయినను పట్టవలసినదానిని పట్టిరి.

అయినను ఏ సీల ముందు, ఏది వెనుక యనునది మాకు నిశ్చయముగా తెలియదు. మెకానిక్కుల కొఱకు మనుష్యులను బంపగా నొక్కరును దొరకలేదు. కోతల రోజులు, ఎవరిని జూచినను చేలలో యంత్రములకడనే. కడకు బావగారు ఒక ముసలి మేస్త్రీని మోపెడుమీద వెంటబెట్టుకొని వచ్చిరి. డెబ్బది దాటిన మనిషి. ఆయిలింజనులతోనే తల నెఱసినది. కొడుకులు పొలములకు బోగా తా నింట నుండెనట. అతడు బిల్లు చూచి, ఫిల్టరును మునివ్రేలితో తట్టి, “గాలి పట్టిందండి. ఎవరన్నా ఒకరు ఈ మీట కొడుతూ ఉండాలండి” అనెను. గాజులు దీసి వదినగారి కిచ్చి, ఆ మీట నేను పట్టుకొంటిని.

మేస్త్రీ ముందుగా ఫిల్టరు నెత్తిమీది సీల వదులు చేసెను. నేను మీట కొట్టుచుంటిని. మొదట గాలియే వచ్చినది. పిదప నుఱుగు, పిదప బుడగలు, కడకు సన్నని ధార. సీల బిగించి, పెద్దపంపు ప్రక్కసీల వదులు చేసెను. అచ్చటను నంతే. పిమ్మట నాజిళ్లకు బోవు గొట్టముల నట్టులు నాలుగును ఒక్కొక్క త్రిప్పు వదులు చేసి, సెల్ఫు కొట్టించెను. ఒక్కొక్క నట్టు మొదట డీజిలు తొణకగా నొకదానివెంట నొకటి బిగించుచు వచ్చెను. ఆ సమయమున నా చేయి దగ్గఱకు బోగా, “చెయ్యి తీసెయ్యండమ్మగారూ” అని గద్దించెను. నాజిళ్లవైపు చిమ్ము డీజిలుకు చర్మమును దూసికొని లోపలికి బోవునంతటి బలముండును. అట్లు దూరినచో సూదిపోటంత గాయమే కనబడినను వెంటనే ఆసుపత్రికి బోవలెను. సెల్ఫును గూడ ఒక్కబిగిని పది పదునైదు క్షణములకంటె కొట్టరాదు. నడుమ నొక నిమిషమైన విడువవలెను. లేనిచో సెల్ఫు కాలును, బ్యాటరీ దిగును. మేము తెల్లవాఱి చేసిన తప్పులలో అదియు నొకటి.

తొమ్మిది ముప్పావునకు ఇంజను తెల్లని పొగ వీథియంతట గ్రమ్మునట్లు దగ్గి లేచెను. కుఱ్ఱవాండ్రు ఈలలు వేసిరి. వదినగారు అందఱకును కాఫీలును, తాపేశ్వరపు కాజాలును తెచ్చిరి. సామానులు ఎక్కించుచుండగనే, పది నిమిషములు నడచిన ఇంజను తడబడి, ఒకసారి బిగ్గఱగా అఱచి, మఱల నాగిపోయెను.

అప్పుడు ఎవరును మాటలాడలేదు. మావారు చేతులు తుడుచుకొని, దూరముగా బోయి ఫోను దీసిరి. పాతయినుమువానికే యని నేను తలచితిని. అది ఆటోకు. “పదకొండుకు ఆటో వస్తుందమ్మా. తిథి దాటకూడదు గదా” అని వచ్చి చెప్పిరి. “అలాగే నాన్నా. నాన్నగారి పని ముందు. బండిదేముంది?” అని అత్తగారు దిగి, తాను కూర్చున్న సీటుమీది దుప్పటిని మడత పెట్టసాగిరి. అంత నిదానముగ దుప్పటి మడత పెట్టుట నేనెన్నడును జూడలేదు.

మేస్త్రీ యొకడే కంగారుపడలేదు. “గాలి తీశామండి. మళ్లీ వచ్చిందంటే ఎక్కడో పీలుస్తోందన్నమాటండి” అనెను. ఈ మాట నన్ను మేలుకొలిపినది. నిన్న సాయంకాలము నడచిన బండి తెల్లవాఱి నడువకపోవుటకు గూడ కారణ మదియే. టాంకునుండి పంపువఱకు గల గొట్టములో ఎచ్చటనో సందున్నది. రాత్రియంతయు ఆ సందునుండి గాలి దూరి, డీజిలు మెల్లగా టాంకులోనికి వెనుకకు దిగిపోయినది. ఇట్టి సందు కంటికి దొరకుట కష్టము. పంపు డీజిలును త్రోయువైపున సందున్నచో డీజిలు బయటికి కారి తడి కనబడును. పీల్చువైపున నున్నచో గాలి లోనికి బోవునే గాని చుక్కయైనను బయటికి రాదు.

అతడొక సీసాలో డీజిలు పోయించి, బానెట్టు కొక్కెమునకు గట్టి, చిన్న రబ్బరుగొట్టముతో తిన్నగా పంపునకు గలిపెను. మఱల గాలి దీసి సెల్ఫు కొట్టించెను. ఇంజను లేచి, ఐదు నిమిషములు, పది నిమిషములు నిలుకడగ నడచెను. కావున ఇంజనుతో పేచీ లేదు, పంపు మంచిది, నాజిళ్లు మంచివి. దోషము టాంకుగొట్టము పంపునకు వచ్చి కలియువఱకు గలచోటనే యున్నది. ఏ పరికరమును లేకయే, ఒక సీసాతో, ఆ ముసలివాడు బండిని రెండుగా కోసి చూచినట్లయ్యెను. దీనిని నేను మిక్కిలి మెచ్చితిని.

గొట్టము కొస పంపును గలియుచోట ఉంగరమువంటి మూతి యుండును. దాని నడుమ బోల్టు దూర్చి బిగింతురు. ఉంగరమునకు పైన నొకటి, క్రింద నొకటి, రాగి వాషరు లుండవలెను. విప్పి చూడగా పైది యున్నది, క్రిందిది లేదు. పంపు కడిగినవారు దానిని తిరిగి వేయ మఱచిరి. ఉన్నదియు నలిగి గట్టిపడినది.

“కొత్తవి కావాలండి. కొట్టు తెరిచేసరికి పదకొండవుతుందండి” అని మేస్త్రీ గోడగడియారము చూచెను. పదియు పదునైదు.

అత్తగారు దుప్పటి ప్రక్కకు బెట్టి, బండి డిక్కీలో మామగారి పాతపంచెలో చుట్టియున్న పనిముట్ల మూటను విప్పించిరి. స్పానరుల నడుమ నొక అమృతాంజనము డబ్బా యుండెను. మూత దీయగా మేకులు, సీలలు, చిన్న బిళ్లలు. వానిలో వాడి విడిచిన రాగి వాషరులు ఏడెనిమిది. మేస్త్రీ కొలత చూచి రెండింటిని ఏఱెను. కాని గోటితో నొక్కి, “గట్టిపడిపోయాయండి. పట్టవండి” అని పెదవి విఱిచెను.

“కాల్చాలిగా మఱి!” అని అత్తగారు ఆ రెండింటిని కొంగున బెట్టుకొని వంటయింటిలోనికి నడచిరి. నేనును వెంటబోతిని. గ్యాసుపొయ్యి వెలిగించి, పట్టకారుతో ఒక్కొక్కదానిని మంటలో పట్టి, ఎఱ్ఱగా కాగినపిదప చెంబులోని నీళ్లలో వేసిరి. ఉక్కును ఎఱ్ఱగా గాల్చి నీట ముంచినచో గట్టిపడును; రాగి దానికి విరుద్ధముగా మెత్తబడును. మెత్తని రాగి బోల్టు బిగింపునకు ఒదిగి, వెండ్రుకపాటి సందును గూడ మూసివేయును. ఇది కంచరులందఱు నెఱిగిన విద్యయే. “ప్రతిసారీ పొయ్యిమీద పాలు దింపించి మరీ కాల్పించేవారు. నేను విసుక్కునేదాన్ని” అని అత్తగారు నీళ్లలోని వాషరులను పైటచెఱగుతో తుడిచి నా చేతిలో బెట్టిరి.

వాషరులు వేసి, బోల్టు బిగించి, సీసా దీసి, గొట్టము గలిపి, ముచ్చటగా మూడవసారి గాలి దీసితిమి. నా కుడిచేయి భుజమువఱకు లాగుచుండెను. పదకొండునకు ఐదు నిమిషములుండగా ఇంజను లేచినది. ఈసారి ఎవరును ఈల వేయలేదు. అందఱును గడియారము చూచుచు నిలువబడితిమి. ఆటో వచ్చి ప్రక్కన ఆగినను ఇంజను ఆగలేదు. మావారు నమ్మలేదు, ఆటోను పంపివేయక, సామానులతో వెనుక రమ్మనిరి. అది వివేకమే. మేస్త్రీకి సొమ్మీయబోగా అతడు తన పనికి తగినది మాత్రము దీసికొని, మీట కొట్టినందుకు నాకును వాటా రావలెనని పరిహాస మాడెను.

రామచంద్రపురమునుండి ద్రాక్షారామము ఆఱేడు కిలోమీటర్లు. గోపురము కనబడగనే అత్తగారు బండిలోనుండియే చేతులు జోడించిరి. దిగుటకు వేళ లేదు. అచటినుండి కోటిపల్లివఱకు దారిపొడుగున నేను చేలను చూడలేదు. ఇంజను శబ్దమునే వినుచుంటిని. పండ్రెండునకు పది నిమిషములుండగా రేవు చేరితిమి. పురోహితులవారు మెట్లమీద నిలిచియుండిరి. మార్గశిరపు గౌతమి మిక్కిలి చల్లగా నుండెను. అవతల ముక్తేశ్వరమునుండి పంటు మోటారుసైకిళ్లను, మనుష్యులను మోసికొని నెమ్మదిగా వచ్చుచుండెను. మావారు పిండములు పెట్టుచున్నంత సేపును వారి గోళ్లసందుల డీజిలు నలుపు వదలలేదు. ఎంత తోమినను పోలేదు. అత్తగారు దానిని చూచిరి గాని యేమియు ననలేదు.

తిరుగుప్రయాణమున ద్రాక్షారామములో దిగి, తీరికగా దర్శనము చేసికొంటిమి. చాళుక్య భీముడు కట్టించిన పంచారామములలో నొకటియగు నీ యాలయమున లింగము రెండంతస్తుల యెత్తున నుండుటచే అభిషేకము మీదియంతస్తులో జరుగును. మెట్లెక్కలేక అత్తగారు క్రిందనుండియే పాదభాగమును దర్శించి, మాణిక్యాంబ సన్నిధిని చాలసేపు గూర్చుండిరి. గోడలమీది శాసనములను, స్తంభములను గూర్చి వ్రాయ మొదలిడినచో వేఱొక వ్యాసమగును, మఱియొకసారి వ్రాసెదను.

ఆ రాత్రియు వదినగారింటనే నిలిచితిమి. బండి నిజముగా బాగుపడినదో లేదో తెలియవలెనన్నచో రాత్రియంతయు నిలిచి, చలిలో తెల్లవాఱవలెను. ఈ సంగతి మా కందఱకును దెలియును. ఒక్కరును పైకి ననలేదు. తెల్లవాఱి ఆఱుగంటలకు నేనును అత్తగారును వంటయింటిలో నుంటిమి. వాకిట కారుతలుపు తెఱచిన చప్పుడైనది. అత్తగారు పొయ్యి మంట తగ్గించి, చేయి మీటమీదనే యుంచి నిలిచిరి. హీటరు కాగువఱకు నిశ్శబ్దము. పిదప సెల్ఫు తిరిగెను. రెండవ తిరుగుటలోనే ఇంజను అందుకొని నడువసాగెను. ఐదు నిమిషములైనను ఆగలేదు. మావారు లోపలికి వచ్చి, రిజిస్ట్రేషను కాగితములు ఏ పెట్టెలో నున్నవని యడిగిరి.

“నా ట్రంకుపెట్టెలో, పట్టుబట్టల కింద” అని చెప్పి అత్తగారు మంట పెద్దది చేసిరి.